సిరక్యూస్ ముట్టడి: చేజారుతున్న ఆటను నిలబెట్టిన తీరు

'రోమ్: టోటల్ వార్' 2004లో కంప్యూటర్ ఆటగా వచ్చింది. 2016లో ఐప్యాడ్‌లోకి, 2018లో ఐఫోన్, ఆండ్రాయిడ్ ఫోన్లలోకి చేరింది. ఫోనులోకి వచ్చాక ఆట మారలేదు గానీ ఆడే తీరు మారింది. తీరిగ్గా కూర్చుని ఆడాల్సిన దాన్ని బస్సులో, క్యాంటీనులో, నిద్రకు ముందు మంచం మీద ఆడుతున్నారు. నేను ఈ ఆటను ఏళ్ల తరబడి ఆడుతున్నవాణ్ణి కాబట్టి కొత్తవాళ్లు ఇరుక్కుపోయిన ఆటలు నా దగ్గరికి వస్తుంటాయి. చాలావాటిలో ఒకే జబ్బు: ఉన్న దళాలన్నింటినీ ఒకేసారి శత్రువు మీదికి తోలేసి, తర్వాత చేతిలో ఏమీ లేక చూస్తూ కూర్చోవడం.

ఆ జబ్బు బాగా ముదిరిన ఆట ఒకటి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఆడినవాడు మా మేనల్లుడు. విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు ఫోను నా చేతిలో పెట్టి, "మామయ్యా, సిరక్యూస్ పట్టుబడటం లేదు, నువ్వొకసారి ఆడి పెట్టు" అన్నాడు. ఆడి పెట్టను, పక్కన కూర్చుంటాను అన్నాను. ఫోను చివరిదాకా వాడి చేతిలోనే ఉంది.

ఆట అప్పటికి ఉన్న స్థితి

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఆట క్రీ.పూ. 270లో మొదలవుతుంది. రోమన్లు ఇందులో మూడు కుటుంబాలు: జూలీ, బ్రూటీ, స్కిపీ. రోమ్ నగరం మాత్రం సెనేట్ (పెద్దల సభ) చేతిలో ఉంటుంది, ముగ్గురికీ పనులు అప్పగిస్తుంది. మావాడు ఎంచుకున్నది స్కిపీ. ఈ కుటుంబానికి మొదట రెండే ఊళ్లు. ఒకటి ఇటలీలో కాపువా, రెండోది సిసిలీ ద్వీపంలో మెస్సానా. సెనేట్ ఇచ్చే మొదటి ఆజ్ఞ, పక్కనే గ్రీకుల చేతిలో ఉన్న సిరక్యూస్‌ను పట్టుకోమని. ద్వీపం పడమటి కొసన లిలిబేయం ఉంది, అది ఉత్తర ఆఫ్రికా రాజ్యం కార్తేజ్‌ది. అంటే ఒకే ద్వీపంలో ముగ్గురు కాపలా కాస్తున్నారు, ఎవరో ఒకరు మొదట కదలాలి.

చరిత్రలో కూడా నిప్పు రాజుకున్నది ఇక్కడే. క్రీ.పూ. 264లో మెస్సానాను ఆక్రమించుకుని ఉన్న కిరాయి సైనికుల గొడవలో రోమ్ తలదూర్చింది, అది రోమ్, కార్తేజ్‌ల మధ్య మొదటి ప్యూనిక్ యుద్ధమైంది. సిరక్యూస్ రాజు రెండో హైరో మొదట రోమ్‌తో తలపడి, మరుసటి ఏడే సంధి చేసుకుని, బతికినంత కాలం మిత్రుడిగానే ఉన్నాడు. ఆటలో అలాంటి రాజీలకు పెద్దగా చోటు లేదు. ఊరు పట్టుకోవాల్సిందే.

మావాడు అప్పటికే సిరక్యూస్ మీదికి రెండుసార్లు వెళ్లి రెండుసార్లూ దెబ్బతిన్నాడు. ఖజానా అడుగంటింది. మెస్సానాలో ఉన్న దళాలు ఒక్కొక్కటీ సగానికి పైగా ఖాళీ. పేరుకు తొమ్మిది దళాలు, మనుషుల లెక్కలో నాలుగు దళాలంత. సేనాని ఒకడు చనిపోయాడు. అయినా వాడు నాకు చూపించింది నష్టాల పట్టీ కాదు, చంపిన గ్రీకుల సంఖ్య. "చూడు, వాళ్లకీ బాగానే తగిలింది" అన్నాడు.

ముందుగా ఒక చిన్న పోరు ఆడమని చూశాను. తిరుగుబాటుదారుల గుంపొకటి దారిలో ఉంది, దాని మీద. పోరు మొదలవగానే శత్రువు మీద రెండుసార్లు తట్టాడు, అంటే పరుగెత్తమని. ఉన్న హస్టాటీ దళాలన్నీ, అంటే బరిసె విసిరి కత్తి దూసే పదాతులు, బారులు తీరి పరుగు పెట్టాయి. గుర్రాలు వాటికంటే ముందు చేరాయి. సేనాని కూడా గుంపులోకి దూకాడు. వీడు తెరను దగ్గరికి లాక్కుని కత్తులు దూసుకోవడం చూస్తున్నాడు. అటు పక్క ఏం జరుగుతోందో తెర మీద లేదు, తెర మీద ఉన్నదాంట్లో సగం వాడి బొటనవేలి కింద ఉంది. గెలిచాడు. తిరుగుబాటుదారులు నాసిరకం దళాలు కాబట్టి గెలిచాడు. అదే పని ఈటెలు ముందుకు చాచి నిలబడ్డ గ్రీకు ఫాలాంక్స్ మీద చేస్తే పొట్టేలు కొండను ఢీకొన్నట్టే ఉంటుంది, రెండుసార్లు జరిగింది అదే.

ఆట లోపల ఏం జరుగుతుంది

ఈ ఆటలో గెలుపు చంపిన లెక్క మీద తేలదు. ప్రతి దళానికీ ధైర్యం ఒక కొలత. అది ఒక గీత కంటే దిగజారితే బతికి ఉన్నవాళ్లు కూడా వెనక్కి తిరిగి పరుగు తీస్తారు. పక్కనుంచి దెబ్బ తగిలితే తగ్గుతుంది, వెనకనుంచి తగిలితే ఇంకా తగ్గుతుంది. అలసిపోతే తగ్గుతుంది. పక్క దళం పారిపోతుంటే తగ్గుతుంది. సేనాని చనిపోతే అందరికీ ఒక్కసారిగా పడిపోతుంది. ఎక్కువ ప్రాణాలు పోయేది ఎదురెదురుగా పోరాడేటప్పుడు కాదు, వెన్ను చూపించాక, తరిమే గుర్రాల కింద.

కాబట్టి పోరులో అసలు ప్రశ్న ఒక్కటే. ముందు వరుసలు ఒకదాన్నొకటి పట్టుకుని కదలలేని స్థితికి వచ్చినప్పుడు, ఇంకా పనిలో దిగని దళం ఎవరి దగ్గర మిగిలి ఉంది? అది ఎవరి దగ్గర ఉంటే వాళ్లే రెండోవాళ్ల వెనక్కి చేరుతారు. కంప్యూటర్ తన దళాలను సాధారణంగా దాచుకోదు. అన్నింటినీ తెచ్చి పెట్టేస్తుంది. మనం రెండు దాచుకుంటే చాలు. మావాడు ఒక్కటీ దాచుకోలేదు.

డాళ్ల సంగతి చాలామంది గమనించరు. డాలు ఎడమచేతిలో ఉంటుంది కాబట్టి ఆట లెక్కలో అది ముందువైపు, ఎడమవైపు మాత్రమే కాపాడుతుంది. కుడి పక్కా, వెన్నూ డాలు లేని చోట్లు. శత్రువు మనకు ఎదురుగా నిలబడితే వాడి కుడి పక్క మనకు ఎడమ చేతివైపు వస్తుంది. బరిసెలు విసిరేవాళ్లను ఎటు తిప్పాలో దీంతో తేలిపోతుంది.

పోరుకు ముందు మరమ్మతు

మావాడికి వెంటనే మళ్లీ దాడి చేయాలని ఉంది. సెనేట్ గడువు పెట్టింది, టర్నులు (మ్యాపు మీద మన వంతులు) కరిగిపోతున్నాయి. గడువు ఇంకా ఉంది కదా, ముందు సైన్యాన్ని సైన్యంలా చేయి అన్నాను.

అరకొర దళాలను ఒకదాంట్లో ఒకటి కలిపించాను. కలిపితే దళాల సంఖ్య తగ్గుతుందని వాడికి బెంగ. నిజానికి ఖర్చు కూడా తగ్గుతుంది, ప్రతి టర్నూ దళానికి పెట్టే పోషణ ఖర్చు మిగులుతుంది. తర్వాత మిగిలినవాటిని మెస్సానాలోనే మళ్లీ నింపించాను. కొత్త దళాన్ని చేర్చుకోవడం కంటే పాతదాన్ని నింపుకోవడం మేలు, అనుభవం ఉన్నవాళ్లు అందులో మిగిలి ఉంటారు. ఒక్క జాగ్రత్త, నింపే మనుషులు ఆ ఊరి జనాభాలోంచే వస్తారు. మెస్సానాలాంటి చిన్న ఊర్లో అన్నీ ఒకే టర్నులో నింపితే ఊరు ఎదగదు. రెండు వేల జనాభా దాటితే గానీ తర్వాతి మెట్టు కట్టడాలు రావు. అందుకే కొన్నింటిని కాపువా నుంచి తెప్పించాం, ఓడ రావడానికి ఆలస్యమైనా సరే.

పోరును ఆడకుండా ఆటకే వదిలేసే బొత్తం ఒకటి ఉంటుంది, ఫలితాన్ని అదే లెక్కకట్టి చెప్పేస్తుంది. బలం ఎక్కువ ఉన్నప్పుడు తిరుగుబాటుదారుల మీద వాడుకోవచ్చు. సమాన బలాల మధ్య వాడితే మన దళాలు అనవసరంగా సగమైపోతాయి, ఎందుకంటే ఆ లెక్కకు ఎత్తు పల్లాలు, వెన్ను దాడులు తెలియవు. మావాడి దళాలు అంత చిక్కిపోవడానికి ఈ బొత్తం కూడా ఒక కారణం.

తర్వాత సైన్యం సిరక్యూస్ ముందు దిగింది. ఇక్కడే వాడు నన్ను అనుమానంగా చూశాడు, ఎందుకంటే గోడ ఎక్కవద్దన్నాను. ముట్టడి వేసి కూర్చోమన్నాను. ఊళ్లో తిండి ఎన్ని టర్నులకు సరిపోతుందో ఆట చెబుతుంది. అది అయిపోయే వేళకు లోపలి సైన్యం బయటికి వచ్చి పోరాడక తప్పదు. ఫాలాంక్స్‌ను ఇరుకు వీధుల్లో ఎదుర్కోవడం కంటే, కోట తలుపులోంచి ఒక్కొక్క దళంగా బయటికి వచ్చేటప్పుడు ఎదుర్కోవడం ఎంతో తేలిక. ఇంకో పక్క తలుపు బద్దలుకొట్టే దూలాలు తయారు చేయించాం. ఒకటి కాకుండా రెండు, ఎందుకంటే నిప్పుబాణాలకు ఒకటి తగలబడినా రెండోది ఉంటుంది.

గ్రీకులు తిండి అయిపోయేదాకా ఆగలేదు. ముందే బయటికి వచ్చారు.

తలుపు ముందు పోరు

మాకున్నవి ఆరు హస్టాటీ దళాలు, రెండు వెలిటీస్, రెండు ఈక్విటీస్ గుర్రపు దళాలు, ఒక్క ట్రియారీ, సేనాని అంగరక్షక గుర్రాలు. వెలిటీస్ అంటే బరిసెలు విసిరి వెనక్కి తప్పుకునే తేలిక పదాతులు. ట్రియారీ పొడవాటి ఈటెలు పట్టిన పాత కాపులు. గ్రీకుల వైపు ఈటెలతో ఫాలాంక్స్ కట్టే హాప్లైట్లు, వాళ్లకంటే ఒక మెట్టు తక్కువ మిలీషియా హాప్లైట్లు, బరిసెలు విసిరే పెల్టాస్టులు కొద్దిమంది, సేనాని గుర్రాలు. ఎదురెదురుగా నిలబెట్టి చూస్తే వాళ్లదే పైచేయి.

మోహరింపుకే ఎక్కువసేపు పట్టింది, పట్టనివ్వాలి కూడా. తలుపుకు ఎదురుగా కొంచెం ఎత్తైన నేల చూశాం. బురుజుల బాణాలు అందనంత దూరం ఉండేలా వెనక్కి జరిపాం. ఐదు హస్టాటీ ఒక వరుస. ఆరోదీ, ట్రియారీ ఆ వరుస వెనక. రెండు గుర్రపు దళాలూ కుడి కొసన, కొంచెం వెనగ్గా. సేనాని నడిమధ్యన, వరుసకు వెనక. వెలిటీస్ ముందు.

ఫోనులో ఇక్కడ ఒక అలవాటు నేర్పాను. పోరు మొదలయ్యేలోగా తెరను బాగా దూరం జరిపి, రెండు సైన్యాలూ ఒకేసారి కనపడేలా పెట్టుకోవాలి. ఆపే బొత్తం దగ్గర వేలు ఉండాలి. ఆట ఆగి ఉన్నప్పుడు కూడా ఆజ్ఞలు ఇవ్వవచ్చు. చిన్న తెర మీద ఆడేవాళ్లకు ఇది మొహమాటపడాల్సిన విషయం కాదు. కంప్యూటర్ మీద మౌస్‌తో ఒక క్షణంలో అయ్యే పని వేలితో రెండు మూడు క్షణాలు పడుతుంది, ఆ తేడాను ఆపడంతో సరిచేసుకోవాలి. ఎవరినైనా దగ్గరగా చూడాలనిపిస్తే పోరు గెలిచాక చూసుకోవచ్చు.

తలుపు తెరుచుకుంది. మొదటి హాప్లైట్ దళం బయటికి వచ్చి వరుస కట్టింది. రెండోది వచ్చింది. మూడోది తలుపు దగ్గర నాలుగోదానితో ఇరుక్కుపోయింది. వెలిటీస్ ముందుకెళ్లి ఉన్న బరిసెల్లో సగం విసిరి, ఈటెలు దగ్గరపడగానే వాటంతటవే వెనక్కి వచ్చేశాయి. అప్పుడు వాటిని మా వరుస చుట్టూ తిప్పి ఎడమ కొసకు పంపాం, అంటే గ్రీకుల కుడి పక్కకు. అక్కడికి చేరాక, శత్రువు దగ్గరికి వస్తే వెనక్కి తప్పుకునే ఆ అలవాటును ఆపించాను. లేకపోతే ఎవరో నాలుగు అడుగులు ఇటు వేసినా బరిసె విసరకుండా పరుగు తీస్తారు.

హస్టాటీకి ఇచ్చిన ఆజ్ఞ ఒక్కటే: నిలబడండి, అందితే విసరండి. నిలబడి ఉంటే శత్రువు అందే దూరంలోకి రాగానే బరిసెలు విసురుతారు, విసిరాకే కత్తి దూస్తారు. పరుగు ఆజ్ఞ ఇచ్చి ఉంటే ఆ విసురు చాలావరకు దక్కదు. ఫాలాంక్స్ నెమ్మదిగా ఎత్తెక్కి వచ్చింది. ఒకటి రెండు విడతల బరిసెలకు ముందు వరుసల్లో ఖాళీలు పడ్డాయి. తర్వాత ఈటెల గోడ వచ్చి మా డాళ్లకు తగిలింది.

ఇక్కడి నుంచి చేయాల్సిన పని ఏమీ చేయకుండా ఉండటం. అది మావాడి వల్ల కాలేదు. మా నడిమి దళం మెల్లగా కరిగిపోతోంది. హస్టాటీ ఫాలాంక్స్‌ను ముందునుంచి గెలవలేవు, కొంతసేపు ఆపగలవు, అంతే.

"మామయ్యా, మధ్యలో వాళ్లు పోతున్నారు. వెనకున్నదాన్ని పంపేయనా?"

"జెండా మెరుస్తోందా?"

"లేదు."

"మరి ఉండు."

దళం ధైర్యం జారిపోబోతుంటే దాని జెండా తెల్లగా మెరుస్తుంది. అది కనపడేదాకా ఆ దళం నిలబడుతున్నట్టే లెక్క, ఎంతమంది పడిపోయినా సరే. దాచిన దళాన్ని నడిమధ్యలో పోస్తే ఈటెల గోడకు మరికొందరు బలవుతారు, అంతకు మించి ఒరిగేదేమీ లేదు.

ఈలోగా గ్రీకు సేనాని తన గుర్రాలతో మా కుడి కొస చుట్టూ వచ్చాడు. వస్తాడని ముందే అనుకున్నాం. కంప్యూటర్ సేనానులకు ఆ తొందర ఎక్కువ. ట్రియారీని రెండడుగులు పక్కకు జరిపి అతనికి ఎదురు నిలబెట్టాం. గుర్రాలు ఈటెల మీద పడి ఆగిపోయాయి. ఆగిన గుర్రపు దళానికి బలం సగం పోయినట్టే. అప్పుడు ఈక్విటీస్ రెండూ దూరంనుంచి పరుగందుకుని అతని వెన్ను మీద పడ్డాయి. గుర్రాల దెబ్బ ఆ మొదటి తాకిడిలోనే ఉంటుంది. తగిలాక గుంపులో కత్తులు దూసుకుంటూ ఉండిపోతే వాటి విలువ తరిగిపోతుంది, అందుకే రెండో దళాన్ని వెనక్కి లాగి మళ్లీ తోలించాను. సేనాని పడ్డాడని ఆట ప్రకటించింది. గ్రీకు జెండాలు రెండు మూడు మెరవడం మొదలైంది.

ఇప్పుడు పంపమన్నాను. దాచిన ఆరో హస్టాటీ దళం ఎడమ కొసనుంచి చుట్టూ తిరిగింది. తలుపు దగ్గర ఇరుక్కుని ఆలస్యంగా వచ్చిన మిలీషియా దళం వల్ల గ్రీకు వరుసలో ఆ వైపు ఒక సందు మిగిలింది. ఆ సందులోంచి వెళ్లి కొసనున్న ఫాలాంక్స్ వెన్నులో దిగారు. అదే సమయంలో వెలిటీస్ డాలు లేని పక్కనుంచి మిగిలిన బరిసెలు విసిరేశాయి. ఫాలాంక్స్ వెనక్కి తిరగాలంటే ఈటెలన్నీ పైకెత్తి తిరగాలి, అది గడబిడలో అయ్యే పని కాదు. కొస దళం పరుగు తీసింది, దాన్ని చూసి పక్కది, దాన్ని చూసి నడిమిది. అప్పటిదాకా మా నడిమి దళం నిలబడే ఉంది, సగానికంటే తక్కువ మందితో.

క్రీ.పూ. 197లో సైనోసెఫలే దగ్గర జరిగింది దాదాపు ఇదే. మాసిడోనియా రాజు ఐదో ఫిలిప్ కుడివైపు ఫాలాంక్స్ రోమన్లను కొండ దిగువకు నెట్టుకుపోతోంది. రోమన్ సైన్యం రెండో కొస అప్పటికే గెలిచి ఉంది. అక్కడి ట్రిబ్యూన్ (సైనికాధికారి) ఒకడు, పేరు చరిత్రకు ఎక్కలేదు, ఎవరి ఆజ్ఞకూ ఆగకుండా ఇరవై మానిపుల్ దళాలను వెనక్కి తిప్పి ఆ గెలుస్తున్న ఫాలాంక్స్ వెన్నులో దించాడు. యుద్ధం అక్కడితో ముగిసింది. సమనేల మీద ఎదురుగా ఫాలాంక్స్‌కు తిరుగులేదని, కానీ దానికి నేలా సమయమూ రెండూ అనుకూలించాలని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ రాసిపెట్టాడు. ఆటను తయారుచేసినవాళ్లు ఆ మాటను అక్షరాలా లెక్కల్లోకి ఎక్కించారనిపిస్తుంది.

పారిపోతున్నవాళ్లను తరమడంలో కూడా ఒక పద్ధతి ఉంది. దగ్గరున్నవాడి వెంట పడకూడదు. గుర్రాలను ముందు వెళ్తున్న గుంపు మీదికి తోలి, అక్కడినుంచి వెనక్కి ఊడ్చుకుంటూ రావాలి. లేకపోతే ముందున్నవాళ్లు తలుపులోకి చేరి ఊపిరి పీల్చుకుంటారు, తర్వాత మళ్లీ మనమీదికే వస్తారు. మావాడు ఉత్సాహంలో ఒక దళాన్ని బురుజుల కిందిదాకా తీసుకెళ్లి కొన్ని గుర్రాలను పోగొట్టుకున్నాడు. గెలిచారు, ముగిస్తారా, కొనసాగిస్తారా అని ఆట అడిగినప్పుడు కొనసాగించమన్నాను. చాలామంది అక్కడ ముగించేసి, తప్పించుకున్నవాళ్లతో వచ్చే టర్నులో మళ్లీ తలపడుతుంటారు.

ఊరు పట్టుకోవడం, తర్వాత దాన్ని ఉంచుకోవడం

మిగిలిన కొద్దిమంది లోపలికి చేరారు. వచ్చే టర్నులో దూలంతో తలుపు కొట్టి వెళ్లాం. ఊరి మధ్య చౌకును మూడు నిమిషాలు పట్టి ఉంచితే ఊరు మనది. అక్కడ ఒక చిక్కు, చౌకులో నిలబడ్డ దళం పారిపోదు, చచ్చేదాకా పోరాడుతుంది. కాబట్టి ధైర్యం గురించి పైన చెప్పినదంతా అక్కడ పనికిరాదు. ఒక వీధిలోంచి హస్టాటీని ఎదురుగా నిలబెట్టి, ఇంకో వీధిలోంచి వెలిటీస్‌ను వెనక్కి పంపి, బరిసెలు అయిపోయేదాకా విసిరించాం. గుర్రాలను ఊళ్లోకి తీసుకెళ్లనే లేదు.

ఊరు చిక్కాక మూడు దారులు చూపిస్తుంది ఆట: జనాన్ని అలాగే ఉంచడం, బానిసలుగా పట్టుకోవడం, ఊచకోత కోయడం. ఖజానా ఖాళీగా ఉంది కాబట్టి మావాడి వేలు మూడోదాని మీదికి వెళ్లింది, దాంతో డబ్బు ఎక్కువ వస్తుంది. నేను రెండోది పట్టించాను. పట్టుకున్న జనం పాలకుడు ఉన్న మన ఊళ్లకు పంచబడతారు. మెస్సానాకూ కాపువాకూ అప్పుడు కావాల్సింది జనాభాయే. అందుకే ఆ టర్ను ముగిసే ముందు రెండు ఊళ్లలోనూ కుటుంబ సభ్యుల్ని కూర్చోబెట్టించాను. సెనేట్ బహుమతి ఎలాగూ వచ్చింది.

గ్రీకు కట్టడాలున్న ఊళ్లో సంస్కృతి తేడా వల్ల జనం కొన్నాళ్లు ముఖం మాడ్చుకునే ఉంటారు. పన్ను తగ్గించి, చవక కాపలా దళాలను పెట్టి, వీలైనప్పుడు పాలకుడి భవనాన్ని పెంచుకుంటూ పోతే సర్దుకుంటుంది. ఇందులో మర్మమేమీ లేదు.

ఏనుగులు వచ్చాయి

సిరక్యూస్ పడ్డాక కార్తేజ్ ఊరుకోలేదు. లిలిబేయం వైపు నుంచి ఐబీరియన్ పదాతులతో, గుర్రాలతో, ఒక ఏనుగుల దళంతో సైన్యం వచ్చింది. మావాడు ఏనుగుల్ని చూసి ట్రియారీని ఎదురుపెడదామన్నాడు, ఈటెలు ఉన్నాయి కదా అని. గుర్రాలకు పనికొచ్చిన మందు ఏనుగులకు పనికిరాదు. బిగించి కట్టిన వరుసలోకి ఏనుగు దూరితే మనుషులు గాల్లోకి ఎగురుతారు. ఏనుగు దగ్గర ఉంటేనే మన దళాల ధైర్యం కూడా జారుతుంది.

అక్కడ చేయించింది వేరు. ముందు వరుసను ఎడం ఎడంగా నిలబెట్టాం, దళాల మధ్య సందులు వదిలాం. వెలిటీస్ రెండూ, కొత్తగా చేర్చుకున్న మూడోది, ఈ మూడింటికీ ఏనుగుల మీదే విసరమని విడివిడిగా ఆజ్ఞ. ఏనుగుల్ని చంపడం కష్టం, బెదరగొట్టడం తేలిక. బెదిరిన ఏనుగు మావటి మాట వినదు, ఎటు కనపడితే అటు తొక్కుకుంటూ పోతుంది. కాబట్టి అది బెదిరే క్షణానికి దాని వెనక వాళ్ల పదాతులు ఉండాలి, మనవాళ్లు కాదు. అందుకే వెలిటీస్‌ను మరీ పక్కలకు పంపకుండా ఎదురుగా, దూరంగా పెట్టాం. రెండు ఏనుగులు సందుల్లోంచి మా వెనక్కి వెళ్లిపోయాయి, మిగిలినవి తిరిగి ఐబీరియన్ల మీద పడ్డాయి.

క్రీ.పూ. 202లో జామా దగ్గర రోమన్ సేనాని స్కిపియో చేసింది కూడా ఇదే. కార్తేజ్ సేనాని హన్నిబాల్ దగ్గర ఎనభైకి పైగా ఏనుగులు ఉన్నాయని పాలిబియస్ అంటాడు. స్కిపియో తన దళాలను గళ్ల పద్ధతిలో కాకుండా ఒకదాని వెనక ఒకటి నిలబెట్టి దారులు వదిలాడు, ఆ దారుల ముందు వెలిటీస్‌ను ఉంచాడు. బెదిరిన ఏనుగులు కొన్ని దారుల్లోంచి వెళ్లిపోయాయి, కొన్ని కార్తేజ్ గుర్రాల మీదికే తిరిగాయి. అదుపు తప్పిన ఏనుగుల్ని మావటివాళ్లే చంపేసే ఆజ్ఞ కూడా ఆటలో ఏనుగుల యజమానికి ఉంటుంది. ఉలి, సుత్తితో మెడ దగ్గర కొట్టి చంపే ఆ పద్ధతిని హన్నిబాల్ తమ్ముడు హస్ద్రుబాల్ కనిపెట్టాడని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. మన చేతికి ఏనుగులు వచ్చిన రోజున ఆ బొత్తం ఎక్కడుందో ముందే చూసుకోవాలి.

ఈ పోరులో చివరికి నిర్ణయించింది మళ్లీ వెనక దాచిన రెండు హస్టాటీలే. వాటిని ఎప్పుడు పంపాలో ఈసారి మావాడు అడగలేదు. ఆట ఆపి, శత్రువు వరుసను ఒక కొసనుంచి ఇంకో కొసదాకా చూసి, తనే పంపాడు. నేనైతే ఇంకొంచెం ఆగేవాణ్ణి, కానీ పని జరిగింది.

ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు

పట్టి ఉంచి వెనకనుంచి కొట్టే ఈ పద్ధతి పదాతుల సైన్యాల మీద పనిచేస్తుంది. గ్రీకులు, మాసిడోనియా, కార్తేజ్, గాల్ జాతుల మీద ధైర్యంగా వాడుకోవచ్చు. గాల్ సైన్యం మీద ఇంకా తొందరగా ఫలిస్తుంది. తూర్పుకు వెళ్లి పార్థియన్ల గుర్రపు విలుకాళ్ల ముందు ఇదే వరుస కట్టి నిలబడితే వాళ్లు దగ్గరికే రారు, చుట్టూ తిరుగుతూ బాణాలు వేసి పోతారు. పట్టి ఉంచడానికి అవతల ఎవరూ ఉండరు. అక్కడ మన వైపు మంచి విలుకాళ్లు కావాలి, లేదా వాళ్లను గోడల మధ్యకు రప్పించాలి. అది వేరే కథ.

కష్టం స్థాయిని పోరుకు వేరుగా, మ్యాపు ఆటకు వేరుగా పెట్టుకోవచ్చు. మావాడు రెండూ అన్నింటికంటే పైన పెట్టి మొదలుపెట్టాడు. పోరులో ఆ స్థాయికి శత్రువుకు అదనపు బలం, అదనపు ధైర్యం కలుస్తాయి. గ్రీకు వరుస అంత గట్టిగా నిలబడటానికి అది కూడా కారణం. నేర్చుకునేటప్పుడు పోరును మధ్య స్థాయిలో, మ్యాపును కష్టం మీద పెట్టుకోమని నా సలహా. చేసిన ఎత్తు ఫలించిందో లేదో అప్పుడు తేటగా తెలుస్తుంది.

లిలిబేయం ఇంకా పడలేదు. చరిత్రలోనూ అది లొంగని ఊరే. క్రీ.పూ. 250లో రోమన్లు ముట్టడి వేస్తే 241లో యుద్ధం ముగిసేదాకా నిలబడింది, ఎందుకంటే సముద్రం వైపునుంచి సాయం అందుతూనే ఉంది. ఆటలో అంత సాగదు గానీ, కార్తేజ్ ఓడల్లో కొత్త సైన్యాన్ని దింపడం మాత్రం మామూలే. మావాడు సైన్యాన్ని నేరుగా లిలిబేయం మీదికి తీసుకెళ్దామంటున్నాడు. ముందు సిరక్యూస్ రేవులో ఓడలు కట్టించి, పడమటి తీరం వెంబడి తిప్పమన్నాను. ఏనుగుల పోరులో దెబ్బతిన్న దళాలు మెస్సానాలో నిండేలోగా ఆ ఓడలు నీళ్లలో ఉంటాయి.